నిరీక్షణ అంటే ఊరికే కూర్చోవడమా?

మన గూడేల్లో ఈ మధ్య తరచుగా వినబడుతున్న ప్రశ్న ఒకటి ఉంది. పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలు ఆ ప్రశ్న అడుగుతున్నారు. "పోడు పట్టా చేతికి రాలేదు. రోడ్డు పడలేదు. ముంపు పరిహారం అందరికీ అందలేదు. అమ్మానాన్నలేమో ఆదివారం మందిరానికి వెళ్లి, కన్నీళ్లు పెట్టుకుని, మనసు తేలికైందని ఇంటికొస్తారు. మనసు తేలికైతే చాలా? నెత్తిమీద బరువు అలాగే ఉంది కదా?" అంటున్నారు.

ఈ ప్రశ్నకు మన దగ్గర రెండు తయారు జవాబులున్నాయి. మందిరంలో కొందరు పెద్దలు "దేవుడు చూసుకుంటాడు, నువ్వు నోరు మూసుకో" అంటారు. సంఘాల్లో తిరిగే కొందరు యువకులు "మతం మత్తుమందు, వదిలెయ్యండి" అంటారు. ఈ రెండు జవాబుల్లోనూ మోకాళ్లమీద ఉన్న ఆ తల్లి కనిపించదు. ఆమెకు దొరికింది నిజమైన ఓదార్పా, కాదా? నిజమైనదే అయితే అది ఆమెను బలపరుస్తోందా, జోకొడుతోందా? విశ్వాసులమైన ఆదివాసులం, పైగా పిల్లలకు పాఠం చెప్పేవాళ్లం, ఈ మాట తేల్చుకోకుండా తప్పించుకోలేం.

రెండు మాటలు

తెలుగు బైబిలు చదివేవారికి రెండు మాటలు బాగా తెలుసు. ఒకటి ఆదరణ. రెండోది నిరీక్షణ.

కష్టంలో ఉన్నవారికి దేవుడిచ్చే ఓదార్పును తెలుగు బైబిలు ఆదరణ అంటుంది. పరిశుద్ధాత్మకు ఆదరణకర్త అని పేరు. మామూలు మాటల్లో ఆదరణ అంటే ఏమిటి? ఇంటికొచ్చిన మనిషికి కాళ్లకు నీళ్లిచ్చి, చాప వేసి, ఉన్నదాంట్లో అంబలో జావో పోసి, "ఎట్టా ఉన్నావు?" అని అడగడం. దిక్కులేని పిల్లను చేరదీసినవారిని "ఆదరించారు" అంటాం. కాబట్టి ఆదరణ అనేది మనసులో కలిగే చల్లదనం ఒక్కటే కాదు. అందులో చాప ఉంది, గిన్నె ఉంది, ఎదురుగా కూర్చున్న మనిషి ఉన్నాడు.

నిరీక్షణ అంటే ఎదురుచూపు. తెలుగులో ఆశ అనే మాటకు మంచీ చెడూ రెండూ ఉన్నాయి. ఆశపోతు అంటాం, దురాశ అంటాం. నిరీక్షణకు ఆ మచ్చ లేదు. అయితే ఎదురుచూపుల్లో రకాలుంటాయి. బస్సు రాని రోడ్డుపక్క చెట్టుకింద కునుకు తీసేవాడిదీ ఎదురుచూపే. జొన్నచేలో మంచె మీద రాత్రంతా కూర్చున్నవాడిదీ ఎదురుచూపే. మంచె మీదివాడు తెల్లవారడం కోసం చూస్తాడు. చూస్తూ నిద్రపోడు, మంట ఎగదోస్తాడు, డబ్బా మోగిస్తాడు, అడవిపంది అలికిడైతే కేకవేస్తాడు. తెల్లవారడం అతని చేతిలో లేదు. చేను మాత్రం అతని చేతిలో ఉంది. కీర్తనల గ్రంథంలోనూ దేవునికోసం కనిపెట్టుకోవడాన్ని కావలివాడితో పోల్చారు. ఆ పోలిక మనవాళ్లకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఈ విశ్వాసం మన దగ్గరికి వచ్చిన దారి

మన కోయ ప్రాంతానికి ఈ విశ్వాసం గోదావరి వెంట వచ్చింది. ఎగువ గోదావరిలో పడవలు నడిపించాలని ఇంగ్లీషు ప్రభుత్వం దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పని పెట్టింది. ఆ పనులు చూసిన ఇంజనీరు హేగ్ చొరవతో 1860లో దుమ్ముగూడెంలో మిషను మొదలైంది. ప్రభుత్వ ఉద్యోగం వదిలి వచ్చిన వెంకటరామరాజు కోయల మధ్య తొలి సువార్తికుడయ్యాడు. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ ఎన్నో ఏళ్లు అక్కడే ఉండి కోయ భాషను, ఆచారాలను గురించి రాశాడు. పడవల పథకం పెట్టిన కొద్ది ఏళ్లకే మూలబడింది. పాఠశాల, మందిరం మిగిలాయి.

ఆ వచ్చినవాళ్లంతా మనల్ని సరిగా అర్థం చేసుకున్నారని చెప్పలేం. మన డోలును, మన కొలుపును, మన పేర్లను చీకటి అన్నవాళ్లు వారిలో ఉన్నారు. అయినా షావుకారు తూకానికి, ముఠాదారు దబాయింపుకు అలవాటుపడిన జనానికి ఒక కొత్త మాట చెవిన పడింది. దేవుడు పేదవాడి పక్షాన ఉన్నాడని, ఆయనే పశువుల పాకలో పుట్టాడని, అధికారుల చేతిలో అన్యాయంగా చచ్చాడని విన్నారు. ఆ మాట పలకాపుస్తకంతోపాటు, జ్వరం మందుతోపాటు వచ్చింది. అందుకే నమ్మారు.

మెదక్ చర్చి కథ కూడా ఇలాంటిదే. పదేళ్ల పాటు కట్టి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన ఆ పెద్ద గుడిని చూడటానికి ఇప్పుడు యాత్రికులు వస్తారు. దాని వెనక కరువు ఉంది. తిండి లేక అల్లాడుతున్న జనానికి పాస్నెట్ అనే మిషనరీ ఆ కట్టడంలో పని ఇచ్చి కూడు పెట్టాడు. ఆకలిగొన్నవాళ్లకు అప్పుడు అందిన ఓదార్పు రాయి మోసిన కూలీలో, కుండలో ఉడికిన గింజల్లో కనిపించింది.

మాటలు ఎక్కువైన ఓదార్పు

ఓదార్పు చెడిపోయే తీరు కూడా మనకు తెలియాలి. యోబు కథ చూడండి. బిడ్డలు చచ్చిపోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేలమీద కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు. ఆ ఏడు రోజులూ వాళ్లు మంచి స్నేహితులే. నోరు విప్పాకే పాడుచేశారు. "నువ్వేదో పాపం చేసి ఉంటావు, లేకపోతే ఇంత కష్టం ఎందుకొస్తుంది?" అన్నది వాళ్ల వాదం. చివరికి దేవుడు తప్పుపట్టింది ఆ ముగ్గురినే.

మన గూడేల్లో ఈ ముగ్గురూ ఇంకా తిరుగుతున్నారు. విషజ్వరంతో పసిబిడ్డ పోతే తల్లి దగ్గరికి వచ్చి "నీ విశ్వాసం చాల్లేదమ్మా" అనేవాళ్లున్నారు. "పాత దేవతల్ని పూర్తిగా వదల్లేదు, అందుకే" అనేవాళ్లున్నారు. బిడ్డను చంపింది దోమ కుట్టడం వల్ల వచ్చిన మలేరియా. సకాలంలో రక్తపరీక్ష జరగలేదు, వాగు పొంగి దారి తెగింది, ఉపకేంద్రంలో మనిషి లేడు. ఈ నిజాలన్నీ వదిలి తల్లి నెత్తిమీద పాపం మోపడం ఆదరణ ఎలా అవుతుంది? అది రెండో దెబ్బ.

యేసు తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఏడ్చాడని యోహాను సువార్త చెబుతుంది. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని ఆయనకు తెలుసు. తెలిసీ ఏడ్చాడు. "ఎలాగూ లేస్తాడు కదా, ఏడుపెందుకు?" అని మరియ, మార్తలను కసరలేదు. పరలోకం ఉందని నమ్మేవాళ్లు ఏడవకూడదని చెప్పే బోధకులు ఈ ఒక్క సంగతి చదువుకుంటే చాలు. కీర్తనల్లో ఎన్నో పాటలు మొరలే: ఎందుకు మరిచావు, ఎంతకాలం ఇలా, అని దేవుణ్ణే నిలదీసే పాటలు. మన అవ్వలు శవం పక్కన కూర్చుని పేరుపెట్టి, చేసిన మేలు చెప్పి, రాగం తీసి ఏడుస్తారే, ఆ ఏడుపుకూ ఈ కీర్తనలకూ దగ్గరి చుట్టరికం ఉంది. ఏడుపును నొక్కేసే విశ్వాసం మనుషుల్ని లోపల కుళ్లబెడుతుంది.

డోలీ మోసినవాళ్ల విశ్వాసం

రాజుల గ్రంథంలో ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో ఎడారికి పారిపోయి, చెట్టుకింద కూలబడి, చచ్చిపోతే బాగుండునని కోరుకున్నాడు. దేవదూత వచ్చి ఏం చేశాడు? ప్రసంగం చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు. లేపి, నిప్పులమీద కాలిన రొట్టె, కూజాలో నీళ్లు చూపించి తినమన్నాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ తినమన్నాడు. ఆ తర్వాతే ప్రయాణం సంగతి. నిరాశలో ఉన్న మనిషికి ముందు తిండి, నిద్ర కావాలని బైబిలుకు తెలుసు. పరీక్ష తప్పి ముడుచుకుపోయిన పిల్లవాడికి, ఇంటి బెంగతో అన్నం మానేసిన హాస్టలు పిల్లకు మనం చెయ్యవలసిన పని కూడా ఇక్కడే మొదలవుతుంది.

మార్కు సువార్త రెండో అధ్యాయంలో మనవాళ్లు ఎన్నిసార్లు విన్నా చెవులు రిక్కించే కథ ఒకటి ఉంది. పక్షవాతంతో కదల్లేని ఒక మనిషిని నలుగురు మోసుకొచ్చారు. యేసు ఉన్న ఇంటి గుమ్మం జనంతో కిక్కిరిసిపోయింది. వాళ్లు వెనక్కి పోలేదు. ఇంటిమీదికెక్కి, కప్పు విప్పి, పడకతో సహా ఆ మనిషిని కిందికి దించారు. అప్పుడు యేసు చూసింది రోగి విశ్వాసాన్ని అని మార్కు రాయలేదు. "వారి" విశ్వాసాన్ని చూశాడని రాశాడు. అంటే మోసినవాళ్ల విశ్వాసం కూడా లెక్కకు వచ్చింది.

నిండు గర్భిణిని డోలీ కట్టి కొండ దించే ఊళ్లు మన ఏజెన్సీలో ఇప్పటికీ ఉన్నాయి. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, భుజం మార్చుకోవడానికి ఇంకో నలుగురు. వాగు దగ్గర నడుం లోతు నీళ్లు. అవతలి ఒడ్డున 108 బండి ఆగి ఉంటుందో లేదో తెలియదు. ఆ డోలీ మోసేవారిలో మందిరానికి వెళ్లేవాడు ఉంటాడు, భూమి పండగలో పూజ చేసేవాడూ ఉంటాడు. నొప్పులతో ఉన్న ఆడబిడ్డ స్పృహలో ఉండి ప్రార్థించగలిగిందా లేదా అని ఎవరూ అడగరు. ఆమె తరఫున వాళ్ల భుజాలు ప్రార్థిస్తున్నాయి. మన నమ్మకం ప్రకారం ఆ మోతను దేవుడు లెక్కలో వేసుకుంటాడు.

ఈ కథ ఇంకో సందేహం కూడా తీరుస్తుంది. ప్రార్థన ఉంటే మందెందుకు అనేవారికి ఆ నలుగురే జవాబు. ఇంట్లో కూర్చుని ప్రార్థిస్తే చాలని వాళ్లు అనుకోలేదు. స్వస్థత ఎక్కడ దొరుకుతుందో అక్కడికి మోసుకెళ్లారు, దారి మూసుకుపోతే కప్పు విప్పారు. జ్వరం వస్తే ఆశా కార్యకర్త దగ్గర రక్తపరీక్ష చేయించుకోవడం, ఇచ్చిన మాత్రలు పూర్తిగా వాడటం విశ్వాసానికి అడ్డం రావు. ఆ పని మానమని ఎవరు బోధించినా ఉపాధ్యాయులం వినకూడదు, పిల్లల్ని విననివ్వకూడదు.

కుండలో దాచిన కాగితం

ఇక భూమి సంగతి. మన కష్టాల్లో పెద్ద కష్టం అదే. దేవుడి మాట చెప్పేవాళ్లు ఎక్కువగా దాటవేసేదీ అదే.

నాబోతు అనే రైతుకు రాజు కోట పక్కన ద్రాక్షతోట ఉండేది. అహాబు రాజు దాన్ని అడిగాడు. బదులుగా ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు, వెండి ఇస్తానన్నాడు. "తాతతండ్రుల నుంచి వచ్చిన భూమి ఇవ్వను" అన్నది నాబోతు జవాబు సారం. దొంగసాక్షులను పెట్టి అతణ్ణి చంపించి తోట కలుపుకున్నారు. ఏలీయా వెళ్లి రాజు ముఖం మీదే అది హత్య, దోపిడీ అని చెప్పాడు. భూమికి భూమి, భూమికి డబ్బు అనే బేరాలు విన్న మన ముంపు గ్రామాల పెద్దలకు నాబోతు పరాయివాడు కాడు. 1/70 చట్టం ఉండి కూడా బినామీ పేర్లతో భూములు చేతులు మారిన ఊళ్లకు ఆ దొంగసాక్షులూ కొత్త కాదు. ఈ కథ బైబిల్లో ఉండగా, భూమి గురించి మాట్లాడటం లోకసంబంధమని, విశ్వాసికి తగదని ఎలా అంటారు?

నిరీక్షణకు మంచి ఉదాహరణ యిర్మీయా కథలో ఉంది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. రాజ్యం పోవడం ఖాయమని అందరికంటే ముందు చెప్పినవాడు యిర్మీయాయే. అలా చెప్పినందుకే నిర్బంధంలో ఉన్నాడు. సరిగ్గా అప్పుడు పినతండ్రి కొడుకు వచ్చి అనాతోతులో ఉన్న పొలం కొనమన్నాడు. శత్రువు పాలు కాబోతున్న పొలం! యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షుల్ని పిలిచాడు. క్రయపత్రం రాయించి, ముద్ర వేయించి, చాలాకాలం చెడకుండా ఉండేలా మట్టికుండలో పెట్టించాడు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ కొనే రోజు వస్తుందన్నది అతని నమ్మకం.

ఆ పని చూడండి. రాబోయే నాశనాన్ని అతను దాచలేదు, అంతా బాగుందని అబద్ధం చెప్పలేదు. ఏడుస్తూ కూర్చోనూ లేదు. కాగితాన్ని భద్రం చేశాడు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత వరద అదే. చింతూరు, కూనవరం, వేలేరుపాడు వైపు జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద రోజులు గడిపారు. అలాంటప్పుడు బియ్యం మూటతోపాటు ఆధార్ కార్డు, పట్టాదారు పుస్తకం, అటవీ హక్కు పత్రం ప్లాస్టిక్ సంచిలో చుట్టి నెత్తిన పెట్టుకున్న తల్లి యిర్మీయా చేసిన పనే చేస్తోంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టి, తిరస్కరిస్తే అప్పీలు పెట్టి, గ్రామసభ తీర్మానం నకలు దాచుకునే యువకుడిదీ నిరీక్షణే. ప్రార్థన చేసి లేచాక ఆ దరఖాస్తు రాయడానికి చెయ్యి వణక్కుండా ఉంటే, ఆ ప్రార్థన జోకొట్టలేదని అర్థం.

విశ్వాసమే కష్టమైనప్పుడు

కొన్నిచోట్ల విశ్వాసం కష్టంలో తోడు కావడం అటుంచి, విశ్వాసం వల్లనే కష్టం వస్తోంది. 2008లో మనకు పొరుగునే ఉన్న ఒడిశా కంధమాల్ జిల్లాలో ఇళ్లు, ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి. వేలాది మంది అడవుల్లో తలదాచుకుని, తర్వాత శిబిరాలకు చేరారు. బాధితుల్లో దళిత క్రైస్తవులు ఉన్నారు, ఆదివాసీ క్రైస్తవులు ఉన్నారు. దాడి చేసినవారిలోనూ మన ఆదివాసులు ఉన్నారన్నది మింగుడుపడని నిజం. పేదవాణ్ణి పేదవాడి మీదికి ఎగదోశారు. 2025 జనవరిలో బస్తర్ నుంచి ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చనిపోయిన తండ్రిని సొంత ఊళ్లో పూడ్చుకోనివ్వండని ఒక క్రైస్తవ కొడుకు పెట్టుకున్న మొర అది. శవం దాదాపు మూడు వారాలు శవాగారంలో ఉంది. న్యాయమూర్తులిద్దరూ ఏకాభిప్రాయానికి రాలేదు. చివరికి వేరే ఊరిలో క్రైస్తవులకు కేటాయించిన చోట పూడ్చవలసి వచ్చింది.

మతం మారితే ఆదివాసి కాకుండా పోతాడనే ప్రచారం కూడా ఇప్పుడు జోరుగా ఉంది. షెడ్యూల్డ్ తెగ గుర్తింపుకు మతంతో ముడిలేదని యువత గట్టిగా తెలుసుకోవాలి. అదే సమయంలో మన వైపు కూడా చూసుకోవాలి. బాబాయి చనిపోతే డోలు మోగుతోందని దినానికి వెళ్లని విశ్వాసి, కొత్తల పండగ అన్నం ముట్టనని వదినతో మాటలు మానేసిన విశ్వాసి మనలో లేరా? ఊరి ఆదరణను మనమే తెంచుకుంటే రేపు మన శవాన్ని ఎవరు మోస్తారు? పూజలో పాల్గొనాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షి వారిది. చావు ఇంటికి బియ్యం పట్టుకెళ్లడం, గొయ్యి తవ్వడంలో చెయ్యి వెయ్యడం మాత్రం అందరి బాధ్యత. పక్కవాడి దేవుణ్ణి తిట్టకుండానే మన దేవుణ్ణి నమ్మవచ్చు.

జార్ఖండ్ ఆదివాసుల మధ్య బతికిన జెస్యూట్ ఫాదర్ స్టాన్ స్వామిని ఇక్కడ తలుచుకోవాలి. విచారణ ఖైదీలుగా జైళ్లలో మగ్గుతున్న ఆదివాసీ యువకుల కోసం ఆయన పనిచేశాడు. 2020 అక్టోబరులో, 83 ఏళ్ల వయసులో, ఆయన్నే అరెస్టు చేశారు. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికి గ్లాసు పట్టుకోలేక, గొట్టం ఉన్న గ్లాసు కోసం కోర్టుకు అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. 2021 జూలై 5న బెయిలు రాకుండానే కన్నుమూశాడు. విశ్వాసం ఆయన్ను జైలు నుంచి తప్పించలేదు. జైలుకు తీసుకెళ్లే దారిలో నడవడానికి భయపడకుండా చేసింది.

మరి ప్రార్థించినా తీరని కష్టాల మాటేమిటి?

ఉన్నాయి. మోకాళ్లు అరిగేలా ప్రార్థించినా బిడ్డ బతకని ఇళ్లు ఉన్నాయి. ఎందుకు బతకలేదో చెప్పే జవాబు మన దగ్గర లేదు, ఉన్నట్టు నటించకూడదు. యేసు కూడా గెత్సేమనే తోటలో ఆ గిన్నె తొలగించమని అడిగాడు, తొలగలేదు. అంతకుముందు ఆయన స్నేహితులను అడిగింది ఒక్కటే: తనతో మెలకువగా ఉండమని. వాళ్లు నిద్రపోయారు. క్రైస్తవ విశ్వాసం చెప్పేదేమిటంటే, మనుషులు నిద్రపోయిన ఆ రాత్రుల్లో కూడా మనతో మెలకువగా ఉండేవాడు ఒకడున్నాడని. దీన్ని లెక్కలా రుజువు చెయ్యలేం. అయితే ఆ నమ్మకంతో మర్నాడు పొద్దున్నే లేచి పొయ్యి రాజేసిన తల్లుల్ని మేం చూస్తూనే ఉన్నాం. నమ్మకం లేనివాళ్లు కూడా అలాగే లేచి పొయ్యి రాజేస్తున్నారు. వాళ్ల ధైర్యాన్ని తక్కువ చెయ్యడం మన ఉద్దేశం కాదు.

కాబట్టి యువతీ యువకులారా, అమ్మానాన్నల కన్నీటి ప్రార్థనను ఎగతాళి చెయ్యకండి. అక్కడ వాళ్లకు దొరికే బలం లేకపోతే మీ హాస్టలు ఫీజు కోసం తునికాకు ఎండలో అన్ని రోజులు నిలబడగలిగేవారు కాదేమో. అయితే మందిరం బయట చెయ్యవలసిన పని ఉంటే వాళ్లకు గుర్తుచెయ్యండి. అర్జీ మీరు రాసిపెట్టండి. ఉపాధ్యాయ మిత్రులారా, తరగతిలో ఏసును కొలిచే పిల్ల, వేల్పును కొలిచే పిల్ల పక్కపక్కనే కూర్చుంటారు. ఇద్దరి ఇళ్లలోనూ జ్వరం ఒకటే, వరద ఒకటే. హాజరు పిలిచేటప్పుడు నాలుగు రోజులుగా రాని పేరు ఉంటే, సాయంత్రం ఆ గుంపు వైపు నడిచి వెళ్లండి. ఆ ఇంటి అరుగుమీద కాసేపు కూర్చోండి. మాటలు తర్వాత చూసుకోవచ్చు.